పికప్ బండికి సైలెన్సర్ మారుస్తున్నారా? షెడ్డుకు వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

బండి కింద నుంచి ఉన్నట్టుండి 'బుర్రు'మని కొత్త శబ్దం మొదలవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ కిందకు దూరి చూసి, "సైలెన్సర్ పోయింది సార్. కంపెనీదైతే రేటెక్కువ, బయటిది వేసేద్దామా?" అంటాడు. పక్కన నిలబడ్డవాళ్లలో ఒకరు అందుకుని, "ఎలాగూ మారుస్తున్నారు కదన్నా, ఫ్రీ ఫ్లో వేయించు, పికప్ పెరుగుతుంది" అని సలహా ఇస్తారు.

ఈ రెండు మాటల మధ్య తీసుకునే నిర్ణయం మీద చాలా ఆధారపడి ఉంటాయి. చలాన్ పడొచ్చు, ఫిట్‌నెస్ ఆగిపోవచ్చు, ఇంజిన్ వారంటీ పోవచ్చు. ఎక్కడో కింద లీకైన పొగ క్యాబిన్‌లోకీ రావచ్చు. బొలెరో పికప్, టాటా యోధా, ఇంట్రా లాంటి సరుకు బండి మీద బతికేవారికి ఒక్కరోజు బండి ఆగినా కిస్తీ మీద దెబ్బే. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి సొంతానికి కొనుక్కున్నవారికి ఆ ఇబ్బంది లేకపోయినా, చట్టం మాత్రం ఇద్దరికీ ఒకటే.

అసలు ఎందుకు మారుస్తున్నారు?

ఈ ప్రశ్నకు సమాధానం ముందు మీకే స్పష్టంగా ఉండాలి. షెడ్డుకు వచ్చేవారిలో కొందరికి సైలెన్సర్ తుప్పు పట్టి రంధ్రం పడి ఉంటుంది. కొందరికి గంభీరమైన శబ్దం కావాలి. కొందరు లాగుడు పెరుగుతుందన్న ఆశతో వస్తారు. ఈ మధ్య ఎక్కువవుతున్నది నాలుగో రకం. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగి ఆరకపోవడంతో "దాన్ని తీయించేస్తే పోలా" అనుకునేవారు.

మొదటిది రిపేరు. మిగతా మూడూ మార్పులు. రిపేరుకు చట్టం అడ్డు చెప్పదు, మార్పుకు చెబుతుంది.

చట్టంలో ఏముంది?

మోటారు వాహనాల చట్టం-1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది దాని సారం. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ను మార్చడానికి వీల్లేదని చెప్పింది.

"ఆర్సీలో సైలెన్సర్ ఊసే లేదు కదా, ఇక మార్పు ఏముంది?" అని వాదించేవారు ఉంటారు. ఆర్సీలో ఉండదన్నది నిజమే. కానీ సైలెన్సర్‌కు వేరే నిబంధనలున్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లో 120వ నిబంధన ప్రకారం ప్రతి బండికీ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండాల్సిందే. పొగ పరిమితుల సంగతి 115వ నిబంధన చూసుకుంటుంది. ఈ ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే వర్తించేది సెక్షన్ 190(2). దాని కింద మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత. రెండోసారి దొరికితే జైలు గడువు 6 నెలల వరకు పెరుగుతుంది.

2019 సవరణతో సెక్షన్ 182ఏ కొత్త రూపంలోకి మారింది. చట్టం అనుమతించని విధంగా బండిని మార్చిన యజమానికి, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. సైలెన్సర్, హారన్, లైట్లు మూడూ మార్చి ఉంటే లెక్క మూడింటికీ వేస్తారు. రోడ్డు మీద అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం మాత్రం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి ఉంటుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో కట్టినంతే తెలంగాణలోనూ కట్టాలని లేదు.

ఎక్కువమందికి తెలియని రెండు చిన్న నిబంధనలూ ఉన్నాయి. పైపు చివర పొగను కిందికి గానీ, ఎడమ వైపుకు గానీ వదలకూడదు. మన దగ్గర బండ్లు ఎడమ పక్క నడుస్తాయి, పాదచారులు, బస్టాపులో నిలబడ్డవాళ్లు ఉండేది అటే కాబట్టి ఇది అర్థమున్న నిబంధనే. రెండోది, ఇంధనం వెళ్లే గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు ఎగ్జాస్ట్ పైపు ఉండకూడదు. షెడ్డులో స్థలం చాలక పైపును ఎటో వంచేటప్పుడు దాటిపోయేది సరిగ్గా ఈ హద్దే.

ఏ భాగాన్ని ముట్టుకోవచ్చు?

మనం వాడుకలో మొత్తాన్నీ 'సైలెన్సర్' అనేస్తాం కానీ, అది వరుసగా అమర్చిన అనేక భాగాల గొలుసు. డీజిల్ పికప్‌లో ఇంజిన్ నుంచి బయటికి వచ్చే పొగ మేనిఫోల్డ్ దాటి టర్బోలోకి వెళ్తుంది. అక్కడి నుంచి డౌన్‌పైప్, తర్వాత ఆక్సిడేషన్ క్యాటలిస్టు, మసిని పట్టే డీపీఎఫ్, ఆపైన అసలు సైలెన్సర్ డబ్బా, చివరగా టెయిల్ పైపు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక అమ్మిన డీజిల్ పికప్‌లు దాదాపు అన్నింటిలో డీపీఎఫ్ ఉంటుంది. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో దాని స్థానంలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది.

గీత ఎక్కడ గీయాలంటే, డీపీఎఫ్ లేదా కన్వర్టర్ దగ్గర. దానికి ముందున్న దేన్నీ, దాన్నీ బయటి షెడ్డులో ముట్టుకోనివ్వకండి. దాని తర్వాత ఉండే డబ్బా, పైపులు పాడైతే అదే కొలత, అదే శబ్ద స్థాయి ఉన్న వాటితో మార్చుకోవచ్చు. కంపెనీ విడిభాగమే వేయించుకుంటే ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేదు. బయటిది వేసుకోవాల్సి వస్తే మీ బండి మోడల్, ఇంజిన్, తయారైన సంవత్సరం పేర్కొని ప్రత్యేకంగా దానికోసమే తయారుచేసినది అడగండి. 'అన్ని బండ్లకూ సరిపోతుంది' అని చెప్పి అమ్మే డబ్బా నిజానికి ఏ బండికీ సరిగ్గా సరిపోదు.

ఆన్‌లైన్లో దొరికే కొన్ని సైలెన్సర్ల మీద యూరప్ ఆమోదాన్ని సూచించే 'ఈ' ముద్ర ఉంటుంది. అది నాణ్యతకు ఒక గుర్తే గానీ, మన రోడ్ల మీద అదొక్కటే అనుమతి పత్రంగా పనికిరాదు. మన దగ్గర వాహనాలను, వాటి భాగాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేది పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు.

నిజంగా పికప్ పెరుగుతుందా?

టర్బో డీజిల్ బండికి వెనక డబ్బా ఒక్కటే మారిస్తే మీకు తెలిసేంత తేడా రాదు. పొగ దారిలో పెద్ద అడ్డు టర్బో, ఆ తర్వాత డీపీఎఫ్. ఆ రెండూ ఉన్నచోటే ఉంటే, చివర ఉన్న పైపును అరంగుళం లావు చేసినా ఇంజిన్‌కు కలిసొచ్చేది చాలా తక్కువ. శబ్దం పెరగడం వల్ల బండి ఎక్కువ లాగుతున్నట్టు అనిపిస్తుంది. చెవిని నమ్మకండి. అదే లోడు, అదే ఘాట్, అదే గేరులో ఎక్కి చూస్తే నిజం తెలుస్తుంది.

యూట్యూబ్‌లో చూసే వీడియోలు చాలావరకు అమెరికావి. టెక్సాస్‌లో ఉండే బావమరిది ఫోర్డ్ ఎఫ్-150కి సైలెన్సర్ మార్చి వీడియో పంపితే మనకూ మనసు లాగుతుంది. అక్కడి బండ్లలో చాలావాటికి పెద్ద పెట్రోలు ఇంజిన్లుంటాయి. ఎనిమిది సిలిండర్ల శబ్దం వేరు. ఇక్కడి రెండు, రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్‌కు అదే డబ్బా పెడితే ఆ గంభీరత రాదు, ట్రాక్టర్ గోలే వస్తుంది. పైగా ఏం చేసినా చెల్లుతుందనుకోవడానికి అమెరికాలోనూ లేదు. అక్కడి ఫెడరల్ చట్టం కాలుష్య నియంత్రణ పరికరాలను తీసేయడాన్ని నిషేధించింది. కాలిఫోర్నియాలో అయితే పొగ మీద ప్రభావం చూపే బయటి విడిభాగానికి ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు మినహాయింపు నంబరు కూడా ఉండాలి.

శబ్దం ఎంత వరకు?

కొత్త బండిని ఆమోదించేటప్పుడే దాని శబ్దాన్ని కొలుస్తారు. ప్యాసింజర్ కార్లకు ఆ పరిమితి 74 డెసిబుల్స్. అంకెల్లో చిన్న తేడాగా కనిపించేది చెవికి చిన్నది కాదు. 10 డెసిబుల్స్ పెరిగితే దాదాపు రెట్టింపు శబ్దంగా వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబుల్స్ దాటకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మాట. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50, రాత్రి 40. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌కు కూరగాయలు తోలే బండి ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌తో కాలనీలోంచి వెళ్తే ఆ వీధిలో పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో లైటు వెలుగుతుంది.

ఫోన్‌లో డెసిబుల్ యాప్‌తో కొలిచి "నాది పరిమితిలోనే ఉంది" అని పోలీసులతో వాదించడం వల్ల లాభం లేదు. ఫోన్ మైకు ప్రామాణిక పరికరం కాదు. పాత సైలెన్సర్‌కు, కొత్తదానికి తేడా ఎంతో ఇంట్లో చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. ఒకే చోట, ఒకే దూరంలో, ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర కొలవండి.

లోపల కూర్చున్నవాడి కష్టం ఇంకొకటి. కొన్ని సైలెన్సర్లు హైవే మీద నిలకడగా వెళ్లే వేగంలో, సుమారు 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర, క్యాబిన్ మొత్తాన్ని ఒకే మోతతో నింపేస్తాయి. షెడ్డు ముందు రెండుసార్లు రేజ్ చేస్తే ఇది బయటపడదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేసరికి తల పగిలిపోతుంది. అందుకే డబ్బు మొత్తం ఇచ్చే ముందు అరగంట హైవే మీద తిప్పి చూస్తానని చెప్పండి.

డీపీఎఫ్ తీయించేస్తే?

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోతున్నది ఇక్కడే.

డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది. ఒక స్థాయికి నిండాక, పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది పూర్తవాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. రోజంతా బేగంబజార్, వన్‌టౌన్ లాంటి చోట్ల రెండు కిలోమీటర్లకోసారి ఇంజిన్ ఆపుతూ నడిచే బండికి ఆ అవకాశం రాదు. లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి శక్తి తగ్గించుకుని ఈడుస్తూ నడుస్తుంది.

లైటు వెలిగిన మొదట్లోనే ఓఆర్ఆర్ లాంటి ఖాళీ రోడ్డు మీద 20 నిమిషాలు నిలకడగా నడిపితే చాలాసార్లు అదే ఆరిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో ఎంత వేగంతో నడపాలో రాసి ఉంటుంది. అప్పటికీ ఆరకపోతే సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి రీజనరేషన్ చేయిస్తారు. ఇంజిన్ ఆయిల్ తక్కువ బూడిద వదిలే రకం, కంపెనీ చెప్పిన గ్రేడే పోయించాలి. చవక ఆయిల్ కాలి మిగిల్చే బూడిద రీజనరేషన్‌లో పోదు. అది ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. రీజనరేషన్ మధ్యలో పదేపదే ఆగిపోతుంటే ఆయిల్‌లో డీజిల్ కలిసి మట్టం పెరుగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ కూడా చూస్తుండండి.

బయటి షెడ్డులో చేసేది వేరు. డీపీఎఫ్ డబ్బా కోసి, లోపలి ఫిల్టర్‌ను పొడిచి తీసేసి, మళ్లీ వెల్డింగ్ చేస్తారు. బయటికి చూస్తే డబ్బా డబ్బాలాగే ఉంటుంది. కానీ ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు లోపల ఏమీ లేదని తెలిసిపోతుంది. దాన్ని మభ్యపెట్టడానికి ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కూడా మారుస్తారు. అంటే ఒకటి కాదు, రెండు అక్రమ మార్పులు. వారంటీ పోతుంది. మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కథ మొదటికొస్తుంది. అప్పుడు కొత్త డీపీఎఫ్ కొనడం తప్ప దారి ఉండదు. ఈ పనికి 'గ్యారంటీ' ఇస్తామనే షెడ్డు వాళ్లను ఆ మాట బిల్లు మీద రాసివ్వమని అడిగి చూడండి.

ఏ లోహం, ఎలాంటి పని?

తుప్పు పట్టి మార్చేవారికి ఇది ముఖ్యం. మామూలు ఇనుప డబ్బా చవక. హైదరాబాద్‌లో కొన్నేళ్లు నెట్టుకొస్తుంది గానీ, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో త్వరగా పోతుంది. అల్యూమినియం పూత ఉన్న ఇనుము దానికంటే మేలు, కానీ వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది. అక్కడ వేడిని తట్టుకునే పెయింటు వేయించకపోతే తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 409 రకాన్ని బండి కంపెనీలు ఎక్కువగా వాడతాయి. 304 ఇంకా మన్నిక. అయస్కాంతం 409కి అంటుకుంటుంది, 304కి అంటుకోదు. అలాగని అయస్కాంతం అంటుకోకపోతే 304 అని నమ్మేయకండి. గేట్లు, రెయిలింగులకు వాడే 202 రకానికీ అది అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడం ఒక్కటే దారి.

డబ్బా లోపలి నుంచి కూడా తుప్పు పడుతుంది. పొగలోని నీటి ఆవిరి చల్లబడి నీరై నిలుస్తుంది. చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే అది ఆవిరై పోయేంత వేడి రాదు. కంపెనీ డబ్బాల అడుగున కొన్నింటికి చిన్న రంధ్రం ఉండేది ఆ నీరు పోవడానికే. దాన్ని లీకు అనుకుని వెల్డింగ్ చేయించిన వారూ ఉన్నారు.

పైపు వంపులు చూడండి. వంచిన చోట లోపలి వైపు ముడతలు పడి నొక్కుకుపోయి ఉంటే పొగ దారి అక్కడ సన్నబడినట్టే. మొత్తం పొడవునా గుండ్రంగా ఉండాలి. ఇక పికప్‌కు ప్రత్యేకంగా చూడాల్సింది ఖాళీ స్థలం. ఖాళీ బండిని జాకీ మీద ఎత్తి పైపు బిగిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. టన్నుకు పైగా లోడు పడగానే కమాన్ పట్టీలు అణిగి యాక్సిల్ పైకి వస్తుంది, పైపుకు తగులుతుంది. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు, కింద వేలాడే స్టెప్నీ అన్నింటికీ దూరం ఉందో లేదో లోడుతో చూడాలి. పైపు రబ్బరు బుష్‌ల మీద వేలాడాలి. ఛాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేస్తే ఇంజిన్ కదిలినప్పుడల్లా ఎక్కడో ఒకచోట పగులుతుంది. పత్తి, వరిగడ్డి తోలేవారు పైపు మీద ఉండే వేడి కవచపు రేకును తీసి పక్కన పెట్టనివ్వకండి. రీజనరేషన్ జరుగుతున్నప్పుడు బండిని ఎండుగడ్డి మీద ఆపవద్దు.

బండి మీద వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించండి. బీఎస్-6 బండిలో ఇంజిన్ కంప్యూటర్ కాలిపోతే ఆ ఖర్చు ముందు సైలెన్సర్ ఖర్చు ఏ మూలకూ రాదు.

బిగించాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో టెయిల్ పైపును క్షణం పాటు మూసి చూడండి. జాయింట్ల దగ్గర 'చిస్' మని వినిపిస్తే లీకున్నట్టే. వారం తర్వాత జాయింట్ల చుట్టూ నల్ల మసి కనిపించినా అదే అర్థం. టెయిల్ పైపు ట్రాలీ అంచు దాటేదాకా లేకపోతే పొగ కిందే తిరిగి క్యాబిన్‌లోకి వస్తుంది. రాత్రిపూట ఏసీ వేసుకుని బండిలోనే పడుకునే డ్రైవర్లకు ఇది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పొల్యూషన్, ఫిట్‌నెస్, బీమా

బండి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు అది 12 నెలలు, అంతకు ముందు వాటికి 6 నెలలు చెల్లుతుంది. డీజిల్ బండిని రేజ్ చేసి పొగ చిక్కదనం కొలుస్తారు. బీఎస్-4 డీజిల్‌కు పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65. సైలెన్సర్ మార్చిన వారంలోనే, పాత సర్టిఫికెట్‌కు గడువున్నా సరే, ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. తేడా ఉంటే షెడ్డు వాళ్లను అడగడానికి అప్పుడే వీలు.

సరుకు రవాణా బండ్లకు 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. శబ్దం, పొగ, సైలెన్సర్ స్థితి అక్కడ చూస్తారు. ఫిట్‌నెస్‌కు ముందు రోజు పాత సైలెన్సర్ బిగించి, మర్నాడు మళ్లీ మార్చేవారున్నారు. రెండుసార్లు కూలీ, రెండుసార్లు గ్యాస్కెట్లు, అయినా రోడ్డు మీద చలాన్ భయం అలాగే ఉంటుంది.

బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, ముఖ్యంగా బండి కాలిపోయినప్పుడు, క్లెయిమ్ దగ్గర ప్రశ్నగా మారుతుంది. కంపెనీ విడిభాగం వేయించుకుని బిల్లు దాచుకున్నవారికి ఆ ప్రశ్న రాదు.

చలాన్ పడితే?

ఈ-చలాన్‌లో ఏ సెక్షన్ రాశారో ముందు చూడండి. 190(2) అయితే శబ్దం లేదా పొగ, 182ఏ అయితే మార్పు. ఫొటోలో ఉన్నది మీ బండేనా, తేదీ, స్థలం సరిపోతున్నాయా అన్నది చూసుకోండి. పాడైన సైలెన్సర్‌కు రంధ్రం పడి శబ్దం వచ్చిన సందర్భమైతే, అదే రకంది మార్పించిన బిల్లు, కొత్త పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని కోర్టులో గానీ, లోక్ అదాలత్‌లో గానీ చెప్పుకోవచ్చు. మార్చిన సైలెన్సర్లను పోలీసులు స్వాధీనం చేసుకుని రోడ్ రోలర్ కింద నలిపేయడం మన నగరాల్లో చూస్తూనే ఉన్నాం. బండికి వచ్చిన అసలు సైలెన్సర్‌ను పాత ఇనుముకు అమ్మేసినవారు అప్పుడు బండి విడిపించుకోవడానికి కొత్తది కొనాల్సి వస్తుంది. రిపేరు చేయగల స్థితిలో ఉంటే దాన్ని షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.